సెకండ్‌హ్యాండ్ కంబైన్ హార్వెస్టర్: రీసేల్ ధర చూడాలా, ఆగకుండా నడిచేది చూడాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. రెండు పాత హార్వెస్టర్లు చూసుకున్నారు. ఒకటి అందరికీ తెలిసిన కంపెనీది, సుమారు 2400 గంటలు తిరిగింది, అయినా రేటు గట్టిగానే చెబుతున్నారు. రెండోది పెద్దగా పేరు లేని కంపెనీది. 1200 గంటలే తిరిగింది, రేటు కూడా తక్కువ. సొంత పొలం కోసుకుని, మిగతా రోజుల్లో కిరాయికి తిప్పాలని మీ ఆలోచన. మూడేళ్ల తర్వాత అమ్ముకుంటే వచ్చే డబ్బు చూసి మొదటిది కొనాలా, తక్కువ అరిగిందని రెండోది కొనాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. కిరాయికి తిప్పేవాళ్లు ముందు చూడాల్సింది రెండే: మీ ముందున్న ఆ ఒక్క మిషన్ కండిషన్, దాని స్పేర్లు ఎంత త్వరగా దొరుకుతాయన్నది. రీసేల్ ఆ తర్వాతే. ఒకటి రెండు సీజన్లు నడిపి వెంటనే అమ్మేసే ఉద్దేశం ఉంటే మాత్రం పేరున్నదే తీసుకోండి. పేరు లేనిదాన్ని తొందరగా అమ్మాలంటే కొనేవాళ్లు దొరకడమే కష్టం. మీరు మూడేళ్లు అంటున్నారు కాబట్టి లెక్క వేసుకునే నిర్ణయించాలి. ఆ లెక్క కింద చూపిస్తాను.

నేను చాలా ఏళ్లుగా కోత మిషన్లు నడిపిస్తున్నాను, కొన్నాను, అమ్మాను. కొనే ముందు ఒకసారి వచ్చి చూడమని ఎవరైనా పిలిస్తే వెళ్తుంటాను. అలా చూసిన వాటి నుంచే ఇది రాస్తున్నాను.

ముందు ఒక విషయం. రీసేల్ విలువ, నమ్మకం (ఆగకుండా నడవడం) అనేవి ఒకదానికొకటి సంబంధం లేనివన్నట్టు మాట్లాడుకుంటాం. ఒక మోడల్ పాతబడ్డాక కూడా మంచి రేటు పలుకుతోందంటే కారణం ఏమిటి? దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్‌లు చాలామంది ఉంటారు. స్పేర్లు షాపులో రెడీగా ఉంటాయి. ఏది ముందు పాడవుతుందో అందరికీ తెలుసు. కొనేవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టేది ఆ భరోసా కోసమే. కాకపోతే ఆ భరోసా మోడల్ మీద ఉన్నది, మీ ముందు నిలబెట్టిన మిషన్ మీద కాదు. ఒకే మోడల్, ఒకే ఏడాది తయారైనవి రెండు తీసుకోండి. ఒకటి రోజూ గ్రీజు కొట్టించుకుని షెడ్డులో ఉన్నది. ఇంకోటి డ్రైవర్ల చేతులు మారుతూ ఎండకీ వానకీ నిలబడ్డది. అమ్మేవాళ్లు చెప్పే రేటు మాత్రం రెండిటికీ అటూ ఇటుగా ఒకటే. రీసేల్ చూసి కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇక లెక్క. అమెరికాలో వ్యవసాయ ఇంజినీర్ల సంఘం ఏఎస్ఏబీఈ యంత్రాల ఖర్చు అంచనా వేయడానికి డి497 అనే ప్రమాణం ఇచ్చింది. అందులో సెల్ఫ్ ప్రొపెల్డ్ కంబైన్ ఆయుష్షు 3000 గంటలని తీసుకుంటారు. ఆ 3000 గంటల్లో రిపేర్లకీ మెయింటెనెన్స్‌కీ అయ్యే మొత్తం, కొత్త మిషన్ ధరలో 40 శాతం. 3000 దాటినా నడిచే మిషన్లు చాలానే ఉన్నాయి, ఇది అంచనా కోసం పెట్టుకున్న అంకె మాత్రమే. మనకి ముఖ్యమైనది ఆ 40 శాతం ఎలా పడుతుందన్నది. ఆ సూత్రం ప్రకారం మొదటి 1000 గంటలకి అయ్యేది 4 శాతం. 2000 గంటలకి మొత్తం 17 శాతం. 3000కి 40. అంటే మొదటి వెయ్యికి 4, రెండో వెయ్యికి 13, మూడో వెయ్యికి 23. గంటలు పెరిగేకొద్దీ రిపేరు ఖర్చు అంతకు మించి పెరుగుతుంది.

విలువ తగ్గడం దీనికి తలకిందులు. కొత్త మిషన్ మొదటి రెండు మూడేళ్లలో బాగా పడిపోతుంది, తర్వాత తగ్గుదల నెమ్మదిస్తుంది. పాతది కొంటున్న మీకు ఆ పెద్ద దెబ్బ తగలదు, దాన్ని మొదటి యజమాని భరించేశాడు. మీ వంతుకి వచ్చేది రిపేర్లు ఎక్కువయ్యే కాలం. అందుకే పాత మిషన్ విషయంలో రీసేల్ తేడా కంటే రిపేరు తేడా పెద్దదై కూర్చుంటుంది.

మీ రెండు మిషన్లకీ ఇది వేసి చూద్దాం. రెండూ ఒకే సైజు, కొత్తగా కొంటే రెండిటి ధరా 100 అనుకుందాం. మొదటిది 50కి కొని మూడేళ్ల తర్వాత 38కి అమ్మారనుకోండి, తరుగు 12. రెండోది 38కి కొని 22కి అమ్మారు, తరుగు 16. రీసేల్ వరకు పేరున్నది 4 మిగిల్చింది. ఇప్పుడు ఏడాదికి 200 గంటల చొప్పున మూడేళ్లు నడపండి. మొదటిది 2400 నుంచి 3000కి వెళ్తుంది, ఆ సూత్రం ప్రకారం రిపేర్లు దాదాపు 15. రెండోది 1200 నుంచి 1800కి వెళ్తుంది, రిపేర్లు దాదాపు 8. అక్కడ 7 తేడా వచ్చింది. రీసేల్‌లో మిగిలిన 4 తీసేసినా పేరు లేనిదే 3 లాభం. పైగా మొదట పెట్టిన డబ్బులో 12 తేడా ఉంది, దాని మీద మూడేళ్ల వడ్డీ వేరే. ఈ కొనుగోలు, అమ్మకం అంకెలు నేను ఉదాహరణకి వేసినవి. వాటి స్థానంలో మీకు చెప్పిన అసలు రేట్లు పెట్టుకోండి, పద్ధతి ఇదే.

కాగితం మీద గెలిచింది కదా అని వెంటనే రెండోదాని వైపు వెళ్ళకండి. పై లెక్కలో లేనిది ఒకటుంది, సీజన్‌లో ఆగిపోయిన రోజులు. పంట పండి నిలబడి ఉంది, మబ్బు పడుతోంది, కిరాయికి ఒప్పుకున్న వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, మిషన్ మాత్రం ఒక గేరు కోసం పొలంలో నిలబడిపోయింది. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. కిరాయి పోవడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. మీ కోసం ఆగిన రైతు పంట వానలో పడిపోతే అతని ఏడాది కష్టం పోతుంది, వచ్చే సీజన్ అతను మిమ్మల్ని పిలవడు. ఏడాదికి కోసే గంటలు 200 అయితే అందులో నాలుగైదు రోజులు పోవడమంటే మీ ఆదాయంలో ఐదో వంతు దాకా పోయినట్టు.

కాబట్టి పేరు లేని మిషన్ దగ్గర మీరు అడగాల్సింది దాని గంటల గురించి కంటే దాని స్పేర్ల గురించి. ఇందులో చాలామందికి తెలియనిది, కంపెనీ ఏదైనా మిషన్‌లో ఎక్కువ భాగాలు మామూలు బజారు సరుకే. బేరింగు మీద నంబరు ఉంటుంది. 6206 అని ఉంటే లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 62, మందం 16. ఏ కంపెనీ బేరింగైనా ఆ నంబరుకి అదే కొలత, అది ఏ బేరింగుల షాపులోనైనా దొరుకుతుంది. చైన్లు, ఆయిల్ సీళ్లు, హైడ్రాలిక్ గొట్టాలు, చాలా బెల్టులు కూడా అంతే. ఇంజిన్ కూడా చూడండి. బాడీ కంపెనీ తెలియనిదైనా లోపల కమ్మిన్స్, పెర్కిన్స్ లాంటి ఇంజిన్ ఉంటే సగం భయం తీరినట్టే.

మిగిలేవి ఆ కంపెనీకే ప్రత్యేకమైనవి. డ్రమ్ము లేదా రోటర్ (తిరుగుతూ గింజని నూర్చే భాగం) నడిపే గేరు బాక్సు, ఆయిల్ ఒత్తిడితో మిషన్‌ని నడిపించే హైడ్రోస్టాటిక్ పంపు, మోటారు, చక్రాల దగ్గరుండే ఫైనల్ డ్రైవు గేర్లు, కాన్‌కేవ్ (డ్రమ్ము కిందుండే వంపు జాలీ), జల్లెడలు, ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు. కొనే ముందే వీటి జాబితా రాసుకుని, పార్ట్ నంబర్లతో సహా స్పేర్ల షాపుకి ఫోన్ చేసి "ఇది ఇవాళ మీ దగ్గర ఉందా, లేకపోతే ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు" అని అడగండి. "తెప్పిస్తామండి" అన్న మాటని జవాబుగా తీసుకోవద్దు, రోజుల లెక్క చెప్పించుకోండి. నాకు తెలిసిన ఒకాయన పేరు లేని కంపెనీ మిషన్‌ని ఏళ్ల తరబడి హాయిగా నడిపాడు. ఇంజిన్ తెలిసినదే, బేరింగులు, బెల్టులు బజారువే. ఒక కోతల మధ్యలో హైడ్రోస్టాటిక్ పంపు పోయింది. అది వచ్చేసరికి కోతలు అయిపోయాయి. ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు నచ్చింది. అలాంటిదే తుక్కుకి పోతున్న మిషన్ ఒకటి కొని, దాని పంపు, మోటారు, గేరు బాక్సు విప్పి షెడ్డులో పెట్టుకున్నాడు. పేరు లేని మిషన్ కొనాలనుకునేవాళ్లకి అది మంచి దారి.

ఇప్పుడు మిషన్ చూడటం గురించి. ఇక్కడ తొందరపడకండి, కనీసం సగం రోజు పెట్టుకోండి.

వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. మీరు వస్తున్నారని ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో మీకు తెలియదు. వేడిగా ఉంటే చల్లారేదాకా మిగతావి చూడండి. స్టార్ట్ చేశాక పొగ రంగు గమనించండి. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. చల్లగా ఉన్నప్పుడు కాసేపు తెల్ల పొగ రావచ్చు, వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి వెళ్తోందేమో చూడాలి. లోడు మీద విడవకుండా నల్ల పొగ వస్తే గాలి సరిపోవడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అక్కడి నుంచి పొగ దట్టంగా, తోసుకుంటూ వస్తే రింగులు, లైనర్లు అరిగాయి. వీలైతే ఇంజిన్ ఆయిల్ శాంపిల్ ల్యాబుకి పంపించండి. అందులో సిలికాన్ ఎక్కువ కనిపిస్తే ఎయిర్ ఫిల్టర్ దాటుకుని దుమ్ము లోపలికి వెళ్ళిందని అనుమానించాలి. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ కలుస్తోందేమో చూసుకోవాలి. ఖర్చు చిన్నది, చెప్పే విషయం పెద్దది.

గంటల మీటరు సంగతి. చాలా మిషన్లలో రెండు లెక్కలుంటాయి, ఇంజిన్ గంటలు, డ్రమ్ము గంటలు. మామూలుగా ఇంజిన్ గంటల్లో మూడింట రెండు వంతుల నుంచి ముప్పావు వంతు దాకా డ్రమ్ము తిరిగి ఉంటుంది. 2400 ఇంజిన్ గంటల మిషన్‌కి 1600 నుంచి 1800 డ్రమ్ము గంటలు ఉండటం సహజం. డ్రమ్ము గంటలు సగం కంటే తక్కువుంటే ఆ మిషన్ రోడ్ల మీద ఎక్కువ తిరిగింది, లేదా ఊరికే ఆన్‌లో నిలబడింది. నూర్పిడి భాగాలు తక్కువ అరిగి ఉండొచ్చు, ఫైనల్ డ్రైవులు, టైర్లు ఎక్కువ అరిగి ఉంటాయి. మీటరు మార్చేశారన్న అనుమానం వస్తే బ్రేకు పెడలు రబ్బరు, స్టీరింగు, సీటు, మెట్ల అంచులు చూడండి. 1200 గంటల మిషన్‌కి పెడలు రబ్బరు నున్నగా అరిగిపోదు. ఎలక్ట్రానిక్ ఇంజిన్ అయితే కంప్యూటరు పెట్టించి ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరులో) ఉన్న గంటలు చదివించండి.

అసలు డబ్బు పోయేది నూర్పిడి భాగంలో. డ్రమ్ము మూత తెరిపించి, దాని మీదుండే గాడుల పట్టీలు, అంటే రాస్ప్ బార్ల మీద వేళ్లు పెట్టి తడమండి. గాడులు వేళ్లకి గట్టిగా తగలాలి. నున్నగా జారిపోతుంటే బార్లు అయిపోయినట్టే. ఒకటి రెండు మాత్రమే కొత్తగా కనిపిస్తే అవి ఎదురెదురుగా జతగా మార్చారా లేదా చూడండి. ఒకవైపే మారిస్తే డ్రమ్ము బ్యాలెన్స్ తప్పి, ఆ వణుకు బేరింగులని తినేస్తుంది. వరికి వాడిన పళ్ల డ్రమ్మయితే పళ్లు ముందువైపు ఎంత అరిగాయో, ఎన్ని వంగాయో చూడండి. కాన్‌కేవ్ అంచులు గుండ్రబడ్డాయా, ఎడమవైపూ కుడివైపూ డ్రమ్ముకి ఒకే దూరంలో ఉందా అని కొలవండి. రాళ్లు పడే గుంట ఉంటే అది కూడా తెరవండి. మట్టి గట్టిగా పట్టేసి ఉంటే దాన్ని తెరిచి శుభ్రం చేసినవాళ్లే లేరు, రాళ్లన్నీ డ్రమ్ములోకే వెళ్ళి ఉంటాయి.

వరి కోసిన గంట, గోధుమ కోసిన గంట ఒకటి కాదు. వరి గడ్డిలో, పొట్టులో సిలికా చాలా ఎక్కువ. పొట్టు కాల్చితే మిగిలే బూడిదలో అత్యధిక భాగం సిలికానే. అది ఇనుముని గరుకు కాగితంలా రుద్దేస్తుంది. ఒకే గంటల మీటరు ఉన్న రెండు మిషన్లలో ఎక్కువగా వరి కోసిన దాని ఆగర్లు (గింజని తోసే మరలు), ఎలివేటర్ల అడుగులు, కాన్‌కేవ్ బాగా ముందే అరుగుతాయి. కాబట్టి ఎన్ని గంటలు అని అడిగిన వెంటనే ఏ పంట అని కూడా అడగండి.

కోసిన పంటని లోపలికి లాగే ముందున్న ఫీడర్ చైను చేత్తో లేపి చూడండి. వేలాడుతుంటే, అడ్డపట్టీలు వంగి ఉంటే ఖర్చుంది. దాని కింద రేకులో నుంచి వెలుతురు కనిపిస్తే ఇంకా పెద్ద ఖర్చు. ఆగర్ రెక్క అంచు పట్టుకోండి, జాగ్రత్తగా. మందంగా ఉండాల్సిన అంచు పల్చబడి పదునెక్కి ఉంటే అది ఎంత గింజ మోసిందో అర్థమవుతుంది. గింజ ఎలివేటర్ అడుగు తలుపు తెరవండి. ఒకచోట నేను అది తెరిస్తే లోపల గింజలు మొలకెత్తి, ఎండిపోయి, మట్టితో కలిసి గడ్డకట్టి ఉన్నాయి. కోత అయిపోయాక ఆ మిషన్‌ని ఎవరూ శుభ్రం చేయలేదు, తడి లోపలే నిలిచిపోయింది. చైను ముట్టుకుంటే తుప్పు రాలింది. బయట మాత్రం పెయింటు మెరిసిపోతోంది.

పెయింటు అంటే గుర్తొచ్చింది. కొత్త పెయింటు వేసిన మిషన్ దగ్గర గ్రీజు నిపుళ్లు చూడండి. నిపుల్ నోరు మీద కూడా పెయింటు ఉండి, అది చెదరకుండా ఉందంటే రంగేశాక ఒక్కసారి కూడా గ్రీజు కొట్టలేదు. సర్వీసు చేయించామని ఎంత చెప్పినా ఆ నిపుల్ అబద్ధం చెప్పదు. ఇలాంటి ఒక మిషన్ దగ్గర బెల్టు వదులు చేయించి పుల్లీని చేత్తో తిప్పితే బేరింగు గరగరమంది. అక్కడే వదిలేసి వచ్చేశాం.

బెల్టు ఒకవైపు అంచే చిట్లిపోయి ఉంటే తప్పు బెల్టుది కాదు, పుల్లీ వరస తప్పింది, లేదా షాఫ్టు వంగింది. గడ్డి వాకర్లుంటే (గడ్డిని ఊపుతూ వెనక్కి తోసే పట్టీలు) ఒక్కోదాన్ని పట్టుకుని ఊపండి, క్రాంకు దగ్గర వదులు ఉండకూడదు. చక్రాల దగ్గర ఫైనల్ డ్రైవ్ ఆయిల్ కొంచెం తీయించి చూడండి. పాలలా ఉంటే నీళ్లు చేరాయి, అరచేతిలో తళతళమంటే గేరు అరుగుతోంది. చైన్ మిషన్ (టైర్ల బదులు ట్రాకు మీద నడిచేది) అయితే రబ్బరు ట్రాకు మీద పగుళ్లు, బయటికి వచ్చిన ఉక్కు తీగలు, రోలర్ల దగ్గర ఆయిల్ కారడం చూడాలి. ట్రాకులు, రోలర్లు, స్ప్రాకెట్లు అన్నీ ఒకేసారి మార్చాల్సి వస్తే మీరు బేరమాడి తగ్గించుకున్నదంతా అక్కడే పోతుంది.

నిలబెట్టి చూస్తే సగమే తెలుస్తుంది. నడిపించి చూడాలి. ఒక గంట సేపు డ్రమ్ము తిప్పించి, దూరం నుంచి వేడి కొలిచే థర్మామీటరుతో బేరింగులన్నీ చూడండి. పక్కవాటి కంటే ఒకటి బాగా వేడిగా ఉంటే అది పోతోంది. ఇది రిపేరు ఖర్చుతో ఆగే విషయం కాదండి. కోత మిషన్లకి నిప్పు అంటుకునేది చాలాసార్లు ఇలా వేడెక్కిన బేరింగు దగ్గరో, ఎగ్జాస్టు దగ్గర పేరుకున్న పొట్టు దగ్గరో. డ్రైవరు ప్రాణంతో ముడిపడిన సంగతి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. హైడ్రోస్టాటిక్ కూడా ఆయిల్ వేడెక్కాకే అసలు రూపం చూపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బాగా లాగి, వేడయ్యాక ఎత్తు ఎక్కలేకపోతుంటే పంపు అరిగింది.

పొలంలో కోయించి చూసే వీలుంటే అంతకంటే మంచి పరీక్ష లేదు. ట్యాంకులో గింజ చూడండి, నలిగినవి, విరిగినవి ఎక్కువున్నాయా, తాలు, చెత్త వస్తోందా అని. తర్వాత మిషన్ వెనక నేల మీద పడ్డ గింజలు లెక్కపెట్టండి. వరి గింజలు వెయ్యి కలిపి దాదాపు 25 గ్రాములు అనుకుంటే, చదరపు మీటరుకి 100 గింజలు పడ్డాయంటే ఎకరానికి సుమారు 10 కిలోలు పోయినట్టు. గోధుమ అయితే గింజ బరువెక్కువ, అదే లెక్కకి 16 కిలోల దాకా వస్తుంది. రెండు జాగ్రత్తలు. కోతకి ముందే రాలిన గింజలు తీసేయాలి. వెనక గడ్డి పడే పట్టీ సన్నగా ఉంటుంది కాబట్టి, నాలుగున్నర మీటర్ల వెడల్పు కోసిన మిషన్ ఒకటిన్నర మీటరు పట్టీలో విడుస్తుంటే అక్కడి లెక్కని మూడుతో భాగించాలి. నమ్మకం అంటే ఆగకపోవడం ఒక్కటే అనుకోకండి. రోజంతా ఆగకుండా నడుస్తూ ఎకరం ఎకరానికీ గింజ పారబోసే మిషన్‌ని కిరాయికి ఒకసారి పిలిచిన రైతు మళ్లీ పిలవడు.

ఇలా పొలంలో నడిపి చూడాలి కాబట్టి, కొనడానికి నా లెక్కలో మంచి సమయం కోతలు ముగిసే చివరి రోజులు. మిషన్ పనిలో ఉండగా చూడొచ్చు. కోతలయ్యాక దాన్ని ఆరేడు నెలలు షెడ్డులో పెట్టుకోవడం అమ్మేవాళ్లకీ ఇష్టం ఉండదు, బేరం కుదురుతుంది. సీజన్ మొదలవబోతుండగా వెళ్తే రేటూ ఎక్కువే, పరీక్షించే వీలూ ఉండదు.

రీసేల్‌ని పూర్తిగా వదిలేయమని నేననడం లేదు. రేపు మీ దగ్గర కొనబోయేవాళ్లు కూడా ఇవే చూస్తారు కాబట్టి, కొన్నిటిని ఇప్పుడే దృష్టిలో పెట్టుకోండి. హెడర్ (ముందు పంట కోసే భాగం) సైజు మిషన్‌కి సరిపడాలి. ఇంజిన్ బలానికి మించిన వెడల్పు హెడర్ తగిలించి నడిపిన మిషన్‌కి డ్రైవులు అరిగిపోయి ఉంటాయి. మొక్కజొన్న హెడర్ లాంటిది కూడా ఉంటే దాని విలువ విడిగా కట్టండి. డ్రమ్ము, వాకర్ల బదులు పొడవాటి రోటర్‌తో నూర్చే మిషన్లు 1975లో న్యూ హాలండ్ టీఆర్70తో, 1977లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ యాక్సియల్ ఫ్లోతో మార్కెట్‌లోకి వచ్చాయి. కాబట్టి కొత్త టెక్నాలజీ, ఎలా ఉంటుందో అన్న భయం అక్కర్లేదు. వాటిలో వాకర్లు, వాటి క్రాంకులు ఉండవు కనుక కదిలే భాగాలు తక్కువ. కాకపోతే గడ్డి బాగా నలిగిపోతుంది. గడ్డి నలగకుండా పొడవుగా, పశువులకి పనికొచ్చేట్టు కావాలనే రైతులు ఎక్కువున్నచోట వాకర్ల మిషన్‌కే కిరాయి, రీసేల్ రెండూ బాగుంటాయి. మీ కిరాయి రైతులు ఏది అడుగుతారో ముందే తెలుసుకోండి.

కాలుష్య నిబంధనలకి తగ్గట్టు వచ్చిన కొత్త ఇంజిన్లలో చాలావాటికి పొగ గొట్టంలో ఫిల్టరు, పొగలో కాలుష్యం తగ్గించే డెఫ్ అనే ద్రవం ఉంటాయి. ఆ ద్రవంలో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. నెలల తరబడి నిలబడే కోత మిషన్‌లో పాత డెఫ్ అలాగే ఉండిపోతే నాణ్యత చెడి, సెన్సర్లు, ఇంజెక్టరు ఇబ్బంది పెడతాయి. ఇలాంటి ఇంజిన్ కొంటుంటే ఎర్రర్ కోడులన్నీ చదివించండి. ఎవరైనా ఆ సిస్టమ్‌ని తీసేసి బైపాస్ చేసి ఉంటే వద్దనండి, చట్టం దృష్టిలోనూ తప్పే, రేపు అమ్మేటప్పుడూ గుదిబండే. వైర్లు ఎలుకలు కొరికి, టేపు చుట్టిన అతుకులు ఎక్కువ కనిపించినా ఆలోచించండి. సీజన్‌లో అంతుపట్టని ఆగిపోవడాలు అక్కడి నుంచే మొదలవుతాయి.

కాగితాల విషయం క్లుప్తంగా. ఛాసిస్ మీద చెక్కిన నంబరు, ప్లేటు మీది నంబరు, కాగితంలోది మూడూ ఒకటే ఉండాలి. అప్పు మీద ఉన్న మిషన్ అయితే అప్పు ఇచ్చినవాళ్ల నుంచి క్లియరెన్స్ చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి. పాత సర్వీసు బిల్లులు ఉంటే అడిగి తీసుకోండి. మీరు అమ్మేటప్పుడు కంపెనీ పేరు కంటే ఆ బిల్లుల కట్ట ఎక్కువ రేటు తెచ్చిపెట్టొచ్చు. పేరు లేని మిషన్‌కి ఇది మరీ అవసరం, మీరు చేయించే ప్రతి పనికీ బిల్లు దాచండి.

చివరగా మీ రెండిటి గురించి. మొదటి మిషన్ 2400 గంటల దగ్గర ఉంది కాబట్టి, రాస్ప్ బార్లు, కాన్‌కేవ్, ఫీడర్ చైను, ఎలివేటర్ చైన్లు ఈ మధ్యే మార్చిన రుజువు ఉంటేనే ఆ రేటుకి అర్థం ఉంది. మార్చకపోతే వాటన్నిటికీ ఎస్టిమేట్ వేయించి ఆ మొత్తం రేటులో తగ్గించమనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, ఆ మోడల్ బాగా నడుస్తున్నదే అయితే అలాంటిది ఇంకోటి దొరుకుతుంది. రెండోదానికి ప్రత్యేక స్పేర్లు రెండు మూడు రోజుల్లో అందుతాయని తేలితే, లోపల కండిషన్ నిజంగా 1200 గంటలదే అయితే, నేనైతే రెండోదే కొంటాను. మిగిలిన డబ్బులో కొంత తీసి స్పేరు బెల్టులు, బేరింగులు, ఒక ఫీడర్ చైను, వీలైతే ఒక హైడ్రోస్టాటిక్ పంపు ముందే కొని పెట్టుకుంటాను.

రెండిటి డ్రమ్ము గంటలు, ఇప్పటిదాకా ఎక్కువగా కోసిన పంట, రాస్ప్ బార్ల దగ్గరి ఫోటోలు, రెండోదాని ఇంజిన్ ఏ కంపెనీదో ఇక్కడ పెట్టండి. చూసి ఏది ఎంతకి అడగొచ్చో చెప్తాను. అడ్వాన్సు మాత్రం అప్పటిదాకా ఇవ్వకండి.